ఎడమ పక్క సీటు

పుంగనూరులో మా డ్రైవింగ్ స్కూలు కారు వెనకాల ఒక వాక్యం రాయించాను: ‘నడక రానివారికి కూడా నడపడం నేర్పబడును.’ దాని కింద ఎర్రటి ఎల్ బోర్డు. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి మనిషినీ ఆ ఎల్ అంటే ఏమిటని అడుగుతాను. ఇంగ్లీషులో ఏదో చెప్పబోతారు. “కాదప్పా! ఎల్ అంటే ఎళ్ళు. ఎళ్ళమని రాసుండాది గదా, ఎళ్ళు!” అంటాను. నవ్వుతారు. నవ్వే మనిషి కాలు వణకదు. వణకని కాలు క్లచ్చి మీద నిలబడుతుంది. ఇన్నేళ్ళుగా నా పాఠమంతా ఇంతే: నోటితో నవ్వించు, కాలితో కాపాడు.

కాలితో అని ఎందుకన్నానంటే, స్కూలు కారులో బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది ఎడమ పక్క సీట్లో కూర్చునే నా కాలి కింద. గొర్రె అడ్డమొచ్చినా, గొర్రెలాంటి మనిషి అడ్డమొచ్చినా, నేర్చుకునేవాడి గుండె ఒకసారి కొట్టుకునేలోగా నా కుడికాలు పని ముగించేది. ‘మునిరత్నం సార్ పక్కనుంటే చీమ కూడా చావదు’ అని పేరు. ఈ ఏడాది టమోటా కాలం వచ్చేదాకా ఆ కాలు చూసుకుని కాలరెగరేసినవాణ్ణే.

మా అమ్మాయి కృష్ణవేణికి కారు నేర్పిందీ నేనే. డిగ్రీ అయ్యాక మదనపల్లెలో ఏదో కంప్యూటరు కోర్సులో చేరింది. రోజూ బస్సులో పోయి వచ్చేది. ఎండలు ముదిరిన ఒక సాయంత్రం వచ్చీరాగానే చెప్పుల్ని ఒక మూలకు తన్ని, “రేపట్నుంచి నేను పోను నాయనా” అంది.

“యాల?”

“ఆ కంప్యూటరు పనంతా కంప్యూటరే సేసుకుంటాండాది. రాసేదీ అదే, తప్పులు దిద్దేదీ అదే. మా సారు కూడా దాన్ని అడిగి మాకు సెప్తాండాడు. మేమంతా దానికి తోడుగా కూసోనుండాము, అంతే.”

“మరి ఏం సేస్తావు?”

“కుప్పంలో కొత్తగా ట్రైనింగ్ సెంటరు పెట్టినారు. ఊర్లనుంచి ఆడోళ్ళను కంపెనీకి తీసకపొయ్యే బస్సులంట. వాటికి డ్రైవర్లు కూడా ఆడోళ్ళే కావాలంట. నేను బస్సు నేర్చుకుంటా.”

మా ఆవిడ అమరావతి వంటింట్లోంచి చింతపండు చేత్తోనే వచ్చింది. “బస్సా? ఎక్కేదానికా, తోలేదానికా?”

“తోలేదానికే మా.”

బస్సు అన్న మాట వినగానే నా గుండెలో ఏదో బుస్సుమంది. పలమనేరు దాటాక కుప్పం దారి అడవిలోంచి పోతుంది. ‘ఏనుగులు తిరుగు ప్రాంతము’ అని బోర్డులుంటాయి. ఏనుగులకు చదువు రాదు కాబట్టి అవి బోర్డు లేని చోట కూడా తిరుగుతాయి. నా లోపల ఇదంతా తిరుగుతోంది. కానీ ఊరందరికీ ధైర్యం అమ్ముకునే మనిషి, సొంత ఇంట్లో భయం చూపిస్తే అంగడి మూసుకోవాల్సిందే గదా!

“పో పాపా. మన ఇంట్లో బ్రేకులు పుట్టినాయి గానీ భయాలు పుట్టలేదు” అన్నాను.

అమరావతి నన్నొక చూపు చూసింది.

*

కుప్పం సెంటరువాళ్ళు తల్లిదండ్రులు వచ్చి చూడవచ్చునన్నారు. మామిడికాయల లారీల మధ్య దారి చేసుకుంటూ ఇద్దరమూ మా కారులో పోయాము. అమరావతి ఒళ్ళో సంచి ఉంది. కొత్త బండి కదా, కొబ్బరికాయ, కర్పూరం, నిమ్మకాయలు తెచ్చింది. అడవి దారంతా ఆమె కిటికీలోంచి చెట్లలోకి చూస్తూనే ఉంది. నేను జోకులు వేస్తూనే ఉన్నాను. ఒక్కటీ పేలలేదు.

సెంటరులో ఒక పెద్ద హాలు. మధ్యలో బస్సు డ్రైవరు సీటు, స్టీరింగు, గేరు రాడ్డు, పెడళ్ళు. ఎదురుగా గోడంత తెరలు. బస్సుకు ఉండాల్సినవన్నీ ఉన్నాయి, బస్సు తప్ప. సిమ్యులేటరు అన్నారు. “సిమ్యులేటరు గాదమ్మా, ఇది సిమ్మాసనం!” అన్నాను పెద్దగా. బస్సు నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలంతా నవ్వారు. కొంచెం ఊపిరాడింది నాకు.

నేర్పించే అమ్మాయి పేరు షైలజ. అంగళ్ళు అనే ఊరి కాలేజీలో ఇంజనీరింగు చదివిందట. వాళ్ళది మదనపల్లె. మాట మెత్తన, చూపు కత్తి. ఆమె ఏదో నొక్కగానే తెరనిండా మంచు కురిసింది.

“ఇదేందమ్మా, కుప్పంలో మంచు పడతాండాది?”

“యాడో సేసిన మిషను సార్. ఇప్పుడిప్పుడే మన రోడ్లు ఎక్కిస్తాండాము. మదనపల్లె మార్కెట్టు రోడ్డు అయిపోయింది. పలమనేరు అడవి కూడా అయిపోయింది. ఏనుగులే ఇంకా రాలేదు.”

“తొందరేం లేదులేమ్మా. వాటికి వచ్చేదానికి మన పర్మిషను అక్కర్లేదు.”

అమరావతి ఈలోగా సింహాసనం చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. “దీనికి టైర్లు యాడుండాయి పాపా?”

“టైర్లు ఉండవు ఆంటీ.”

“టైరు లేని బండికి నిమ్మకాయ యాడ పెట్టేది?” అని గొణుక్కుంటూ వంగి కుంకుమ బొట్టేదో పెట్టి లేచింది.

కృష్ణవేణి సీట్లో కూర్చుంది. తెర మీద పలమనేరు అడవి వచ్చింది. నిజంగా మా దారే. అదే మలుపు, అదే తెల్ల గీత, అదే ఎర్రమన్ను. పిల్ల చక్కగా నడుపుతోంది. స్టీరింగు స్థిరంగా ఉంది. మీసం మెలేద్దామని చెయ్యెత్తాను. మలుపు తిరగ్గానే సైకిలు తోసుకుంటూ ఒక ముసలాయన రోడ్డు మధ్యలోకి వచ్చాడు.

బస్సు ఆగలేదు. ముసలాయన మాయమయ్యాడు. చెట్లు తలకిందులయ్యాయి. లోయ పైకి లేచి వచ్చింది. తెరంతా ఎర్రగా మారి, దాని మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి: మళ్ళీ ప్రయత్నించండి.

“అయ్యో, నా బిడ్డా!” అని అమరావతి పోయి కృష్ణవేణి భుజాలు పట్టుకుంది.

“మా, గమ్మునుండు. ఏం కాలేదు. మేడమ్, బ్రేకు పడలేదు. కింద ఏందో అడ్డముండాది.”

షైలజ వంగి బ్రేకు పెడలు కింద చెయ్యి పెట్టి తీసింది. నిమ్మకాయ. రసం కారుతోంది.

హాలంతా ఒకటే నవ్వు. అందరికంటే పెద్దగా నవ్వింది నేను. నిజానికి అది నవ్వు కాదు, పోయిన ప్రాణం తిరిగొచ్చిన చప్పుడు. “నిమ్మళంగా ఉండవే అంటే నిమ్మకాయ పెట్టినావా! దిష్టి తీసేదానికి పోయి సృష్టినే తీసేసినావు గదే!” అంటూ నోటికొచ్చినవన్నీ పేల్చాను. అమరావతి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఇంగోసారి పోదామా?” అంది షైలజ.

మళ్ళీ అదే అడవి. అదే మలుపు. మళ్ళీ ముసలాయన, మళ్ళీ సైకిలు. ఈసారి పెడలు కింద ఏమీ లేదు.

నేను కృష్ణవేణి ముఖమే చూస్తున్నాను. ముసలాయన కనబడగానే ఆమె కళ్ళు తెర మీద నుంచి కదిలాయి. ఎడమ పక్కకు చూసింది. అంతే. కాలు కదల్లేదు. చూసి, ఎదురుచూసింది.

ఆ పక్క ఏముందోనని నేనూ చూశాను. గోడ ఉంది. గోడకు ఫ్యాను స్విచ్చి ఉంది.

లోయ మళ్ళీ లేచింది. తెర మళ్ళీ ఎర్రబడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

షైలజ నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది. “పుంగనూరులో స్కూలు మీదే కదా సార్? మీ దగ్గర కారు నేర్చుకోని వచ్చినోళ్ళు ఈ బ్యాచిలో ఇంకా ఉండారు. నడిపేది బాగా నడుపుతారు. ఆపాల్సి వస్తే మాత్రం అందరూ ఒగటే. ఎడమ పక్కకు సూస్తారు.”

“ఎడమ పక్క ఏముండాదమ్మా?” అన్నాను.

అడగకుండా ఉండాల్సింది. ఆ అమ్మాయి నా పాదం వైపు చూసింది. నా కుడికాలు అప్పటికీ ఆ హాలు గచ్చును తొక్కి పట్టుకునే ఉంది.

*

ఆ రోజు నుంచి నాకు రోడ్డు అంటే భయం పట్టుకుంది. పుంగనూరు నుంచి మదనపల్లె దాకా నాకు హారను కొట్టి దండం పెట్టని బండి లేదు. స్కూలు వ్యాను తోలేవాడు నా శిష్యుడే. ఆంబులెన్సు తోలేవాడూ నా శిష్యుడే. శిష్యకోటి అని మురిసిపోయినవాణ్ణి, ఇప్పుడు ఆ శిష్యుల్లో శేషం ఎందరు మిగులుతారోనని లెక్కలు వేస్తున్నాను. వీధిలో ఎక్కడ టైరు కీచుమన్నా నా కాలు దానంతటదే నేలను తొక్కేది. “నిద్దర్లో బ్రేకులేస్తాండావు, నా పిక్కలు వాచిపోయినాయి” అని పొద్దున్నే అమరావతి తిట్టేది.

ఉండబట్టలేక మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయాను. పాపన్న అనే నా పాత శిష్యుడు అక్కడ లారీ తోలుతాడు. మండీ ముందు బాక్సులు ఎక్కిస్తున్నారు. పాపన్న బీడీ పారేసి పరిగెత్తుకొచ్చాడు.

“సార్! మీరేంది ఈడ?”

“ఏం లేదప్పా, ఊరికే. ఒగ మాట సెప్పు. బండి తోలేటప్పుడు సటుక్కున ఏదన్నా అడ్డమొస్తే నువ్వు ఏ పక్కకు సూస్తావు?”

వాడు నవ్వాడు. “మీకు తెలీనిదేముంది సార్. ఎడమ పక్కకు సూస్తా. మీరుండారనే ధైర్యం గదా.”

“నేను లేను గదప్పా!”

“ఆడ ఎవరో ఒగరుంటే సాలు సార్. కాలు దానంతటదే బ్రేకు తొక్కతాది. అందుకే క్లీనరు లేకుండా నేను బండి తియ్యను. ఆ సీటు ఖాళీగా ఉంటే కాళ్ళు వణకతాయి.”

“క్లీనరు రాకపోతే?”

పాపన్న కొంచెం సిగ్గుపడుతూ లారీ ఎక్కి తలుపు తీసి చూపించాడు. ఎడమ పక్క సీట్లో టమోటా బాక్సు ఒకటి నిలబెట్టి ఉంది. దానికి తుండుగుడ్డ కప్పి, పైన ఒక పాత టోపీ పెట్టాడు.

“మనిషి మాదిరే ఉంటాది సార్. ఈ పొద్దు సెన్నై దాకా వాడే నా తోడు.”

నా జన్మలో అంత మంచి జోకు నేను వెయ్యలేదు. చుట్టూ హమాలీలు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం ఎండలో నిలబడి చలేసింది. ఆ టోపీ కింద ముఖం లేని నేను కూర్చుని ఉన్నాను.

*

కృష్ణవేణి కుప్పంలోనే హాస్టల్లో ఉండేది. సాయంత్రం పూట ఫోను చేసేది. మొదట్లో అమరావతి “తిన్నావా?” అని అడిగేది. తర్వాత్తర్వాత రెండో ప్రశ్న కూడా చేరింది.

“తిన్నావా?”

“తిన్నా మా.”

“ఈ పొద్దు పడినావా?”

“పడినా. మంచులో ఒగసారి, మార్కెట్టులో ఒగసారి.”

తెర ఎర్రబడిన సంగతి, కూర ఏం చేశారో చెప్పినంత తేలిగ్గా చెప్పేది. పక్కన పిల్లలు నవ్వుతూ ఉండేవాళ్ళు. నా కారులో ఎవరూ చావలేదు, అందుకని ఎవరూ ఆపడం నేర్చుకోలేదు. అక్కడ రోజూ చస్తున్నారు. దేనికి అలవాటు పడుతున్నారు, బ్రేకుకా, చావుకా?

ఒకసారి ఫోను నేను తీసుకున్నాను. “పాపా, నా తప్పుంటే సెప్పు” అందామనుకున్నాను. నోరు పెద్దదే గానీ ఆ మాట పట్టలేదు. “బస్సు బాగుండాదా?” అన్నాను.

ఆ పిల్లే చెప్పింది. “నువ్వు పక్కనుంటే నాకు కుడికాలు ఉండాదనే గుర్తు రాదు నాయనా. ఇప్పుడిప్పుడే గుర్తొస్తాండాది.”

మొదటి వాన పడిన రోజు అమరావతి ఎప్పటిలాగే అడిగింది. “పడినావా?”

“లేదు మా. ఈ పొద్దు పడలే.”

అమరావతి దేవుడి పటం వైపు చెయ్యెత్తింది. నాకు మాత్రం ఆ క్షణం నుంచి అసలు భయం మొదలైంది. సింహాసనం మీద పడకపోతే తర్వాత ఎక్కించేది నిజం బస్సే గదా. అక్కడ ఎర్ర తెర రాదు. మళ్ళీ ప్రయత్నించమని ఎవరూ అనరు.

*

షైలజ ఫోను చేసింది. “పిల్లోళ్ళచేత కుప్పం నుంచి పలమనేరు దాకా బస్సు నడిపిస్తాండాము సార్. అడవి దోవలో కృష్ణవేణి వంతు. సరిగ్గా నడిపితే కంపెనీవాళ్ళు తీసుకుంటారు. మీరు కూడా రండి. అయితే ఆఖరి సీట్లో కూసోవాల.”

“యాలమ్మా?”

“మీరు బస్సులో ఉండారని ఆ పాపకు తెలియాల. పక్కన లేరని కూడా తెలియాల.”

పోయాను. ఆఖరి సీట్లో కూర్చున్నాను. నా పక్కన సువర్ణ అని ఇంకో పిల్ల కూర్చుంది. అంత దూరం నుంచి మా అమ్మాయి జడ, ఆమె తల మీది అద్దం, ఆ అద్దంలో ఆమె కళ్ళు కనబడుతున్నాయి. షైలజ ఆమె వెనక సీట్లో కూర్చుంది. కృష్ణవేణికి ఎడమ పక్క ఇంజను మూత, దాని అవతల మెట్లు, తలుపు. మనిషి కూర్చునే చోటే లేదు. టమోటా బాక్సుకు కూడా చోటు లేదు.

అడవి మొదలయ్యేసరికి వాన జల్లు పడుతోంది. రోడ్డు నల్లగా మెరుస్తోంది. సువర్ణ నాతో ఏదో అంది. ‘ఎల్ అంటే ఏంది సార్?’ అని అడిగినట్టుంది. నా జోకు కుప్పం దాకా పోయిందన్నమాట. నేను ముందు సీటు కమ్మీని పట్టుకున్నాను.

ఆ మలుపు వచ్చింది. తెర మీద రెండు సార్లు నా బిడ్డ పడిపోయిన మలుపు. ముసలాయన లేడు, సైకిలు లేదు. హమ్మయ్య అనుకునేలోగా ఎడమ పక్క పొదలు కదిలాయి. పొదలే రోడ్డు మీదికి నడిచి వచ్చినట్టు, తడిసిన నల్లటి ఏనుగు.

నా కాలు తొక్కింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. కాలి కింద రేకు తప్ప ఏమీ లేదు. నేను అద్దంలోకే చూస్తున్నాను. ఇటు చూడు తల్లీ అనుకున్నానో, ఇటు చూడొద్దు తల్లీ అనుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

బస్సు ఆగింది.

అద్దంలో ఆ కళ్ళు ముందుకే ఉన్నాయి.

వైపరు అటూ ఇటూ తిరుగుతోంది. బస్సులో ఎవరూ కదల్లేదు. హారను కొట్టలేదు. ఏనుగు ఒకసారి చెవులు విప్పి, మా వైపు తిరిగి నిలబడింది. ఎంతసేపో చెప్పలేను. తర్వాత తల తిప్పుకుని రోడ్డు దాటింది. కృష్ణవేణి బస్సును కదిలించలేదు. ఎందుకు కదిలించదని నా ప్రాణం కొట్టుకుంటూ ఉండగా, పొదల్లోంచి పిల్ల ఏనుగొకటి వచ్చి తల్లి వెనక గునగునా పరిగెత్తింది. అది కూడా దాటాక గేరు పడిన చప్పుడు వినిపించింది.

“మీ సెప్పు తెగిపోయింది సార్” అంది సువర్ణ.

చూసుకున్నాను. నిజమే. కుడికాలి చెప్పు.

పలమనేరులో దిగాక కృష్ణవేణి నా దగ్గరకు రాలేదు. టీ తాగుతూ తోటి పిల్లలతో మాట్లాడుతోంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. నేను తెగిన చెప్పు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డాను. ఒకసారి నా వైపు చూసి తల ఊపింది. నేనూ ఊపాను.

ఇంటికి పోయాక అమరావతి అడిగింది. “పాప ఎట్ల తోలింది?”

“ముందుకు సూసి తోలింది” అన్నాను. పోయి మంచం మీద కూర్చున్నాను.

*

కృష్ణవేణికి పని దొరికింది. రోజూ తెల్లవారగానే ఆ అడవి దారినే పోతుంది, పొద్దుగూకే వేళకు ఆ దారినే వస్తుంది. మంచు పడే మిషనులో ఇప్పుడు ఏనుగులు కూడా వచ్చాయట. నా దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు బాగా తగ్గారు. ఖాళీ కారు ఇంటి ముందే ఉంటోంది.

ఒక పొద్దున అమరావతి వచ్చి తాళంచెవి అడిగింది.

“యాలనే?”

“నాకు నేర్పు.”

“ఇన్నేండ్లు అడగనిది ఇప్పుడేందే?”

“ఏనుగులుండే దోవలో బిడ్డ ఒగతే పోతాండాది. ఈడ కూసోని ఫోను కోసం కాసుకోనుండేది నా వల్ల కాదు. బుద్ధి పుట్టినప్పుడు పోయి సూసొస్తా. నీకోసరం కాసుకోను.”

పుంగనూరు దాటి ఖాళీ రోడ్డులో ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. నేను ఎడమ పక్క కూర్చున్నాను. నా బ్రేకు నా ముందే ఉంది. దాన్ని కాసేపు చూసి, చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని పద్మాసనం వేశాను.

“ఏంది, తపస్సు సేస్తాండావా?” అంది అమరావతి.

“ఎళ్ళు” అన్నాను.

కారు మెల్లగా పోతోంది. ఎదురుగా తంబళ్లపల్లె వైపు నుంచి తోలుకొచ్చిన గొర్రెల మంద రోడ్డెక్కింది. గంటలు వినబడుతున్నాయి. దగ్గరవుతున్నాయి. ఆమె నా వైపు తిరిగిందని చూడకుండానే తెలిసింది.

“నేను లేను. ముందు సూడు” అన్నాను.

ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. మడిచిన కుడికాలిని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.